ఎవరి చేతికీ ఇవ్వని బైనాక్యులర్

నెలకొకరైనా ఫోన్ చేసి అడుగుతారు. సోంపేటలో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి ఒకసారి, మందసలో బడి మాస్టారు ఒకసారి, మొన్న ఎవరో ఇచ్ఛాపురం ఆయన. "సార్, ఖరీదైన బైనాక్యులర్ కొనమంటారా? అంత డబ్బు పెడితే నిజంగా తేడా తెలుస్తుందా?" మా వైపు పిట్టల్ని చూడ్డానికి తిరిగేవాళ్ళం పట్టుమని పదిమందిమి లేం. అందులో నేనే పెద్దవాణ్ణి, పైగా అలాంటిది కొన్నవాణ్ణి. అందుకని నన్నడుగుతారు. ఇదివరకు గంటసేపు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదు. "తెలుస్తుంది, కొనుక్కోండి" అని పెట్టేస్తున్నాను. అబద్ధమేమీ కాదు. కానీ నా కుడికన్ను సంగతి చెప్పకపోతే అది సగం జవాబే. ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

కన్ను పూర్తిగా పోలేదు. పక్కలు కనిపిస్తాయి. నేరుగా చూడాలనుకున్నదే కనిపించదు. ఎడమకన్ను మూసి మనిషి వైపు చూస్తే చెవులు, జుట్టు, చొక్కా మెడ కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఉంటుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఎడమది సర్దేస్తుంది కాబట్టి బయటివాళ్ళకి తెలియదు. నాకూ చాలాకాలం తెలియలేదు. తెలియాల్సిన రోజున నేను వేరేదాన్ని తప్పుపట్టాను.

నేను టెక్కలి డివిజన్‌లో సర్వేయర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మొదట్లో గొలుసు లాగాను, చివర్లో మూడుకాళ్ళ మీద నిలబెట్టే మిషన్లతో కొలిచాను. ఎండలో, బురదలో, ఇద్దరు అన్నదమ్ములు చెరో కర్రా పట్టుకుని నిలబడ్డ గట్ల మీద. ఆ ఉద్యోగం గురించి నాకు తియ్యటి జ్ఞాపకాలేమీ లేవు. గీత ఎటు పడినా రెండోవాడు మా వంశాన్నంతా తిట్టేవాడు. అందుకే మా పనిలో ఒక అలవాటు ఒంటికి పట్టేస్తుంది. కొలత కుదరకపోతే ముందు పరికరాన్ని అనుమానించాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఇది తిట్టి మరీ నేర్పాను. "ముందు మిషన్ని సరిసూడరా, ఆ తరవాత రైతుని అందూగాని." దాన్ని తేల్చే పద్ధతీ ఉంది. మిషన్ మీదుండే చూపు గొట్టంలోంచి ఒకసారి గుర్తుని చూశాక, గొట్టాన్ని తలకిందులుగా తిప్పి మళ్ళీ అదే గుర్తుని చూడాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే పరికరం మంచిదే.

పిట్టల పిచ్చి కూడా ఆ గొట్టంలోంచే పట్టుకుంది. ఓసారి మూలపేట వైపు సముద్రం ఒడ్డున కొలతలకి వెళ్ళాం. అప్పటికి అక్కడ పోర్టు పనులు లేవు, ఉన్నవల్లా ఇసుకా బురదా పీతలే. దూరంగా మా మనిషి పట్టుకున్న కర్ర కోసం వెతుకుతుంటే అడ్డంగా ఒక పిట్ట వచ్చి నిలబడింది. పొడుగాటి ఎర్రటి కాళ్ళు. ఒక కాలు నీళ్ళలోంచి ఎత్తి, ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగింది. ఎందుకో నాకు ఏడుపొచ్చింది. బాగా అలసిపోయి ఉన్నానేమో.

ఆ తరవాతి వారం విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఒక చవక బైనాక్యులర్ కొన్నాను. పన్నెండేళ్ళు దాంతోనే గడిపాను. అందులో ఏదీ తిన్నగా కనిపించేది కాదు. కరెంటు స్తంభాలు వంగిపోయేవి, తెల్లకొంగ చుట్టూ ఊదారంగు అంచు కనిపించేది. పట్టీ తెగిపోతే నైలాన్ తాడు కట్టాను. ఆదివారం తెల్లారగానే నౌపడ ఉప్పుమడుల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. తిరిగి చర్చికి చేరేసరికి మొదటి పాట అయిపోయేది, బూట్లకి బురద ఉండేది. మా ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి తల తిప్పి ఒక చూపు చూసేది. పాస్టరుగారు చివరికి అలవాటుపడిపోయారు, ఆవిడ పడలేదు.

ఆ చవకది అందరిదీ. మడుల్లో పనిచేసేవాళ్ళు టీ తాగడానికి గట్టెక్కితే పదిహేను చేతులు మారేది. వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. అరవై దాటినా, గట్టు వేసే పనిలో అక్కడ ఆవిడ మాటే మాట. మా వైపు అక్కని పిలిచినట్టు నేను అప్పా అని పిలుస్తాను. నేను పిట్టల పుస్తకం తెరిచి పేర్లు వెతుకుతుంటే ఆవిడకి నవ్వు.

"అన్నీ ఉల్లంకులే బాబూ. నువ్వే కూకోని ఇరవై పేర్లు ఎడతన్నావు."

"కాళ్ళు సూడప్పా. దానివి పసుపు, దీనివి నలుపు."

"కాళ్ళు సూసి పేరెడతారేటి? అలాగైతే మాకందరికీ ఒకటే పేరెట్టాల. సూడు, అందరివీ ఉప్పుకి పగిలిన కాళ్ళే."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. బైనాక్యులర్ తిరిగి నా చేతికొచ్చేసరికి అద్దాల మీద ఉప్పూ వేలిముద్రలూ ఉండేవి. చొక్కా అంచుతో తుడిచేసేవాణ్ణి.

ఖరీదైనదాని మీద ఆశ ఉద్దానంలో పుట్టింది. పలాసలో ఉండే ఒక లెక్చరర్ నన్ను తెల్లవారుజామున జీడితోటల్లోకి తీసుకెళ్ళాడు. చెట్ల కింద ఇంకా చీకటే. నా చవకదాంట్లో నల్లటి కొమ్మలు తప్ప ఏమీ లేవు. అతను తన మెడలోది తీసి నా మెడలో వేశాడు, "పొద్దెక్కే దాకా మీరే ఉంచుకోండి సార్" అని. అందులో ఆకుల మధ్య కూర్చున్న పిట్ట రెక్కమీది గీతలు కూడా కనిపించాయి. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. వాట్సాప్ గ్రూపులో ఏది మంచిదో, ఏది దండగో అని వాదించుకునేవాళ్ళ మెసేజీలన్నీ చదివాను. ఒకడు ఇది గొప్పదంటాడు, ఇంకొకడు పేరుకే డబ్బంటాడు, మూడోవాడు అసలు పిట్టల్నే చూడడు, అద్దాల గురించి మాత్రం ఉపన్యాసాలు ఇస్తాడు. విసుగెత్తిపోయి, రిటైరైన ఏడాది వానలు తగ్గగానే కొనేశాను.

మా స్కూటీ కంటే దానిదే ఎక్కువ ఖరీదు. మా ఆవిడ నా మేనమామ కూతురు, చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుస్తుంది. నేనంటే భయమూ లేదు, బెరుకూ లేదు.

"ఇంత ఎట్టి కొన్నావు కదా, పిట్టలు కూడా అందులోనే ఉంతాయేటి బావా?" అంది.

నాకు ఒళ్ళు మండింది.

అయినా నిజం చెప్పాలి. మొదటి ఆదివారం నౌపడలో, ఇంకా సూర్యుడు రాకముందే, బురద మీద పరిగెత్తే బుల్లి పిట్ట కంటి చుట్టూ పసుపురంగు ఉంగరం చూశాను. పన్నెండేళ్ళుగా పుస్తకంలో చదవడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తియ్యకుండానే మొత్తం కనిపించింది. కళ్ళు లాగలేదు, తల నొప్పి రాలేదు. ఇన్నాళ్ళూ ఏం చూశానో, నోట్‌బుక్కులో ఏం రాసుకున్నానో అని సిగ్గేసింది. తేడా తెలుస్తుందా అంటే, తెలుస్తుంది.

అప్ప గట్టెక్కి, అలవాటుగా చెయ్యి చాపింది. చేతినిండా మట్టి.

"ఇది వేరే అప్పా. ఉప్పు తగిల్తే అద్దం పాడవుద్ది" అన్నాను.

ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుంది, కానీ మళ్ళీ చాపలేదు. "సరే బాబూ, జాగర్త సేసుకో" అని కిందికి దిగిపోయింది. ఆ తరవాత అక్కడెవరూ అడగలేదు. టీ వేళకి నా పక్కన కూర్చోవడం కూడా తగ్గించారు. ఇంట్లో మా ఆవిడ డాబా మీదికొచ్చి, "నన్నోపాలి సూడనియ్యి బావా" అంటే, "సేతులకి నూనుంది, కడుక్కుని రా" అన్నాను. కడుక్కోవడానికి వెళ్ళింది, తిరిగి రాలేదు. నేనూ పిలవలేదు. అదేదో తప్పని నాకు తోచలేదు. విలువైన వస్తువుని పదిలంగా చూసుకుంటున్నాననే అనుకున్నాను.

నవంబరులో మొదటిసారి గుంట కనిపించింది. బైనాక్యులర్‌ని మన కళ్ళకి సరిపెట్టుకోవాలంటే ముందు ఎడమకంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పాలి. ఆ తరవాత ఎడమకన్ను మూసి, కుడి గొట్టం దగ్గరున్న చిన్న రింగు తిప్పాలి. అలా మూసి చూసేసరికి, ఎదురుగా ఉన్న మడిగట్టు నడిమధ్య కిందికి వంగి ఉంది. ఎవరో వేలితో నొక్కినట్టు చిన్న గుంట. రింగు అటూ ఇటూ తిప్పాను. పోలేదు. రైలు పట్టాల వైపు తిరిగాను, అక్కడా అదే గుంట. కరెంటు తీగలోనూ అదే. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఒక్కసారిగా నిద్రలేచింది. పరికరంలో తప్పుంది, నన్ను నిలువునా ముంచేశారు అనుకున్నాను.

హైదరాబాదులో కొన్న షాపుకి ఫోన్ చేశాను. అవతలి ఉద్యోగి ఎంత మర్యాదగా మాట్లాడితే నాకంత కోపం వచ్చింది. పంపించమన్నాడు, పంపాను. మూడు వారాలకి తిరిగొచ్చింది, లోపమేమీ లేదని కాగితంతో సహా. చూస్తే గుంట అలాగే ఉంది. ఈసారి తెల్లకాగితం మీద స్కెచ్ గీశాను. గట్టు ఎక్కడ వంగడం మొదలైందో, ఎక్కడ లేచిందో, సర్వే నంబరు ఒక్కటే తక్కువగా, అంతా వివరంగా రాసి మళ్ళీ పంపాను. ఆ చలికాలమంతా, పిట్టలు వచ్చి ఉన్న కాలమంతా, టెక్కలిలో కొరియర్ ఆఫీసు చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. అక్కడి మనిషి నన్ను చూడగానే, నేను అడగకముందే తల అడ్డంగా ఊపేవాడు.

ఒకరోజు షాపు అతను ఫోన్లో నెమ్మదిగా అడిగాడు. "సార్, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇచ్చి చూపించారా? వాళ్ళకీ అలాగే కనిపించిందా?"

"ముప్పై ఏళ్ళు గొట్టాల్లోంచి చూసి బతికినవాణ్ణయ్యా నేను. ఇంకొకరు చూసి నాకు చెప్పాలా?" అని అరిచాను.

అతను తగ్గిపోయాడు. సరే సార్, కొత్తది పంపిస్తాం అన్నాడు. గెలిచాననుకున్నాను. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి, వంటింట్లో ఉన్న మనిషిని పిలిచి ఉంటే నాకు నెలన్నర కలిసొచ్చేది.

జనవరి చివర్లో కొత్తది వచ్చింది. మర్నాడు పొద్దున్నే నౌపడ వెళ్ళాను. ఉప్పు తీసే కాలం మొదలవబోతోంది. వానలకి కరిగిన గట్లని మళ్ళీ మట్టితో లేపి, కాళ్ళతో తొక్కి, అరచేత్తో నున్నగా చేస్తున్నారు. ఎడమకన్ను మూసి చూశాను. కొత్త బైనాక్యులర్‌లో, కొత్త గట్టు మీద అదే గుంట. కాస్త పెద్దదైంది కూడా.

ముందు నీరసం ముంచుకొచ్చింది. కొత్త పరికరం కూడా ఇదే చూపిస్తోందంటే, ఈసారి గట్టే వంకర అయ్యుండాలి అనుకున్నాను. నా బుర్ర అంతవరకే వెళ్ళింది.

"ఏటప్పా, గట్టు ఇలగేసినారు? మద్దిలో కుంగిపోనాది!" అని కేకేశాను.

అప్ప మోకాలిలోతు బురదలో ఉంది. నడుం నిలబెట్టి నావైపు చూసింది.

"ఏటన్నావు?"

"గట్టు వంకరగుంది అన్నాను."

"తాడు కట్టి ఏసినాం. నిన్న సందేల తాడిప్పినాం. వంకరేటి? నీ కళ్ళతో సూసినావా, ఆ దుర్బిన్నీతో సూసినావా?"

"దీంతోనే. ఇది అబద్దం సెప్పదు."

"అయితే ఇలగియ్యి" అంటూ గట్టెక్కింది. మూణ్ణెల్ల కింద నేను వద్దన్న సంగతి మరిచిపోయిన మనిషిలా లేదు. చెయ్యి చీరకి తుడుచుకోకుండానే చాపింది. ఆవిడ పనిని వంకర అన్నాను, ఇక నాకు మర్యాదేమిటి? మిగతావాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. ఇవ్వక తప్పలేదు.

కుడికంటితో ఒకసారి, ఎడమకంటితో ఒకసారి, రెండింటితో ఒకసారి తీరుబడిగా చూసింది.

"గీత గీసినట్టుగుంది. ఈ కొస కాడ్నుంచి ఆ కొస దాకా. దానిమీద కొంగ కూడా నిలబడున్నాది. వంకరెక్కడ బాబూ?"

బైనాక్యులర్ తిరిగి తీసుకున్నాను. ఆవిడ వేళ్ళ మట్టి గొట్టాలకి అంటుకుంది, తుడవాలని కూడా తోచలేదు. అప్పుడు చేశాను, మొదటిరోజే చేయాల్సిన పని, ఎంతమందికో తిట్టి నేర్పిన పని. బైనాక్యులర్‌ని తలకిందులుగా తిప్పాను. కుడి గొట్టం ఎడమకంటి దగ్గరికి వచ్చింది. గట్టు తిన్నగా ఉంది. రెండో గొట్టంలోంచి కుడికంటితో చూశాను. గుంట. బైనాక్యులర్ దించేసి, ఎడమకంటిని అరచేత్తో మూసుకుని అప్ప ముఖం చూశాను. ముక్కు ఒక పక్కకి లాగేసినట్టు, మసగ్గా ఉంది.

గట్టు మీదే కూలబడ్డాను. చాలా భయమేసింది.

"ఏటైనాది బాబూ? కళ్ళు తిరిగినాయా?"

"గట్టు కాదప్పా. నా కన్నే."

ఆవిడ నా పక్కన కూర్చుంది. బైనాక్యులర్‌ని తన ఒళ్ళో పెట్టుకుని, పట్టీ మడతపెట్టి, పెట్టెలో సర్దింది. "లెగు. ముందు ఆసుపత్రికెల్లు. ఉల్లంకులు ఎక్కడికీ పోవు" అంది.

టెక్కలిలో చూసి శ్రీకాకుళం రాశారు. శ్రీకాకుళంలో చూసి విశాఖ రాశారు. అక్కడి డాక్టరమ్మ మా చిన్నమ్మాయి వయసుది. కంటి వెనక, చూపు నిలిచేచోట, నెత్తురూ నీరూ ఊరుతున్నాయని చెప్పింది. కంట్లోకే ఇంజెక్షన్లు ఇవ్వాలంది.

"గీతలు వంకరగా కనిపించడం ఎప్పుడు మొదలైందండీ?"

"నవంబరులో."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"బైనాక్యులర్‌ని రిపేరుకి పంపించాను."

రాస్తున్నది ఆపి నావైపు చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "అప్పుడే వచ్చి ఉంటే చూపు చాలావరకు నిలబెట్టగలిగేవాళ్ళం" అంది. మా ఆవిడ నా పక్కనే నిలబడి వింది. మూడు నెలల్లో ఆ అద్దాలకి రెండుసార్లు పరీక్ష చేయించాను, కంటికి ఒక్కసారి చేయించలేదు. ఈ మాట ఆవిడ అంటుందని ప్రతిరోజూ ఎదురుచూశాను. అనలేదు.

చవకదే ఉండి ఉంటే ఆ గుంట నాకు తెలిసేదే కాదు, అందులో ప్రపంచమంతా వంకరే కాబట్టి. ఖరీదైనది నవంబరులోనే ఉన్నది ఉన్నట్టు చూపించింది. కానీ చవకదైతే అందరి చేతికీ ఇచ్చేవాణ్ణి. దీన్ని ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే, చూసిన మొదటి మనిషే "తిన్నగానే ఉంది కదా" అనేసేది. ఆ పూటే తేలిపోయేది. కాబట్టి అడిగేవాళ్ళకి నేను చెప్పాల్సింది ఇది. కొనుక్కోండి. పక్కమనిషి మట్టి చెయ్యి చాపితే గుండె ఝల్లుమనకుండా ఇవ్వగలిగినది కొనుక్కోండి. ఇవ్వలేకపోతే, బ్యాంకులో ఎంతున్నా సరే, అది మీ తాహతుకి మించినదే.

మూడో ఇంజెక్షన్ ఏప్రిల్లో ఇచ్చారు. అప్పటికే మచ్చ కట్టేసిందని, ఇదే ఆఖరుదని, ఇకముందు ఎన్ని ఇచ్చినా ఉపయోగం ఉండదని చెప్పింది డాక్టరమ్మ. ఇక ఎడమకంటిని కాపాడుకుందాం అంది. గళ్ళు గీసిన కాగితం ఒకటి ఇచ్చి, రోజూ పొద్దున్నే ఎడమకంటితో చూసుకోమంది. ఏ గీత వంగినా ఆ రోజే రావాలి. కుడికంటికి కట్టు కట్టి పంపించారు.

పలాస బస్సెక్కాం. మా ఆవిడ కిటికీ పక్కన, నా కుడివైపు కూర్చుంది. ఎండ దంచేస్తోంది. నేను మొదలుపెట్టాను. సీటు విరిగిపోయింది అన్నాను. డ్రైవరుకి బ్రేకు వెయ్యడం రాదన్నాను. ఆసుపత్రిలో టోకెన్ల దగ్గర నిలబెట్టినవాణ్ణి తిట్టాను. షాపు ఉద్యోగిని తిట్టి, మళ్ళీ నేనే, పాపం అతను అడిగింది న్యాయమే అన్నాను. గళ్ళ కాగితం తీసి ఎడమకంటితో రెండుసార్లు చూసి, తిన్నగానే ఉన్నాయి, భయం లేదు అన్నాను. శ్రీకాకుళం దాటింది. ఆవిడ ఒక్క ముక్క పలకలేదు. కునుకు తీస్తోందనుకున్నాను.

నరసన్నపేటలో బస్సు ఆగినప్పుడు నీళ్ళ సీసా అడిగాను. సీసా నా చేతికి వచ్చింది. అందించిన చెయ్యి తడిగా ఉంది. అప్పుడు తల మొత్తం అటు తిప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఎప్పుట్నుంచి ఏడుత్తన్నావే?" అన్నాను.

"బస్సెక్కిన కాడ్నుంచీ ఏడుత్తన్నాను బావా" అంది.